జల్లెడకు మరో పేరు

మరపు మనిషికి వరమని పెద్దలంటారు. దుఃఖం విషయంలో అది నిజమే కావచ్చు. కానీ మాటలనే నమ్ముకొని బ్రతికిన తెలుగు పండితురాలికి మాటే మరపున పడితే దానిని వరమనడానికి నోరు రాదు. రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స అయిన తరువాత నాలుగేళ్లుగా నేను రోజుకొక లెట్రోజోల్ మాత్ర వేసుకొంటున్నాను. గడ్డను ఎలా గుర్తించాలో, జుట్టు రాలితే ఏం చేయాలో మన పత్రికలు బాగానే చెబుతాయి. అదంతా ముగిశాక ఇంట్లో కూర్చుని ఏళ్ల తరబడి మింగవలసిన మాత్ర గురించి, అది జ్ఞాపకంతో ఆడే దాగుడుమూతల గురించి చదివినది తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

మా మూలపేటలో జల్లెడ లేని ఇల్లుండదు. ఒకనాడు కోడలిని దానిని అందుకొమ్మని అడగబోయి, పేరు తోచక ఆగిపోయాను. పిండి చూపాను, చేయి ఊపి చూపాను. మాట మాత్రం రాలేదు. దానికి బదులు చిన్ననాడు వల్లె వేసిన అమరకోశం నుంచి ‘చాలని’ వచ్చింది. దాని వెనుకనే ‘తితఉ’ వచ్చింది. రెండచ్చులు సంధి లేకుండా పక్కపక్కన నిలిచే ఆ వింత మాటను నేను ఎన్నడూ ఎవరితోనూ అనవలసిన అవసరం రాలేదు. “అదేటి అత్తయ్యా?” అని కోడలు నవ్వింది, నేనూ నవ్వాను. భయం మాత్రం నాలోనే దాచుకొన్నాను.

తరువాత ఆలోచించగా తెలిసింది, పోయినది జ్ఞానం కాదని. అవధానంలో చివరి అంగం ధారణ. అడ్డంకుల నడుమ ముక్కలుముక్కలుగా చెప్పిన పద్యాలన్నిటినీ అవధాని ఆఖరున ఏకధాటిగా అప్పగించాలి. అందులో రెండు పనులున్నాయి: లోపల నిలుపుకోవడం, అడిగిన వేళకు పైకి తీయడం. నాకు చిక్కు ముఖ్యంగా రెండవదాని వద్ద. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటిన రాత్రి ఏ గదిలో ఎవరు కూర్చున్నారో చెప్పగలను. భావనపాడు రేవనే పేరుతో మొదలైనది మూలపేట రేవుగా మారి 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరుపుకొన్నదని చెప్పగలను. పొయ్యి మీద పాలు పెట్టి ఎంతసేపయిందో చెప్పలేను. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా జారిపోతుంది.

ఇంతకీ ఇది ఎందుకు జరుగుతుంది? ప్రపంచంలో రొమ్ము క్యాన్సర్లలో సుమారు 70 శాతం ఈస్ట్రోజెన్ అనే హార్మోనును ఆసరా చేసుకొని పెరిగేవే. ఆ ఆసరా తీసివేస్తే రోగం తగ్గవచ్చునని స్కాట్లండు వైద్యుడు జార్జ్ బీట్సన్ 1896లోనే అండాశయాలను తొలగించి చూపాడు. అప్పుడు కత్తి చేసిన పనిని ఇప్పుడు మాత్ర చేస్తున్నది. 1962లో ఇంగ్లండులో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు తయారుచేసిన టమాక్సిఫెన్ రొమ్ము కణాలలో ఈస్ట్రోజెన్ కూర్చోవలసిన పీటను తానే ఆక్రమిస్తుంది. ముట్లుడిగినవారికి ఇచ్చే లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎక్సిమెస్టేన్‌ల పద్ధతి వేరు. అవి ఈస్ట్రోజెన్ తయారీనే అడ్డుకొంటాయి.

చిక్కంతా ఎక్కడంటే, ఆ హార్మోనుకు మెదడులోనూ పనుంది. జ్ఞాపకాలకు ఆయువుపట్టయిన హిప్పోక్యాంపస్‌లోను, ఆలోచనను క్రమంలో పెట్టే ముందుభాగంలోను దాని గ్రాహకాలున్నాయి. శత్రువుకు నీళ్లు అందకుండా కాలువకు గండి కొడితే మన మడికీ కొంత తడి తగ్గినట్లే ఇదీ.

అందరికీ ఒకేలా జరుగుతుందని చెప్పడానికి లేదు. 2010లో నెదర్లాండ్స్ పరిశోధకులు కీమోథెరపీ లేకుండా హార్మోను మందులే వాడిన స్త్రీలను ఏడాది తరువాత పరీక్షించారు. టమాక్సిఫెన్ వాడినవారిలో విన్న మాటలను గుర్తుంచుకొనే శక్తి ఆరోగ్యవంతులకంటె తగ్గింది. ఎక్సిమెస్టేన్ వాడినవారిలో ఆ తేడా కనబడలేదు. 2020లో వెలువడిన అమెరికా అధ్యయనం మరొకటుంది. కీమోతో పాటు హార్మోను మందు తీసుకొన్నవారికి మొదటి మూడు నెలలలో మరపు ఎక్కువగా తోచింది. ఏడాది తిరిగేసరికి, హార్మోను మందు ఒక్కటే తీసుకొన్నవారి ఫిర్యాదూ వారి ఫిర్యాదుతో సమానమయింది. కనుక ‘కీమో మరపు’ అని మనం అనుకొనేదానిలో ఈ చిన్న మాత్ర వాటా కూడా ఉందన్నమాట. ఇది ముసలితనపు మతిమరుపు జబ్బుకు తొలిమెట్టేమోనని నేను భయపడ్డాను. 65 ఏళ్లు దాటిన అమెరికా స్త్రీల వివరాలతో 2024లో వచ్చిన అధ్యయనంలో, హార్మోను మందు వాడినవారికి ఆ జబ్బు ముప్పు మొత్తం మీద పెరగలేదు సరికదా, స్వల్పంగా తగ్గింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఈ సంగతి నా ఒక్కదానితో ఆగితే రాయవలసిన పని లేకపోను. పలాసలో జీడిపప్పు గ్రేడింగు పనికి వెళ్లే మా దూరపు చుట్టం ఒకామె ఉంది. నలభై దాటింది, టమాక్సిఫెన్ వాడుతోంది. పౌనుకు 300 నుంచి 320 పలుకులు తూగితే అది 320 రకం; కంటితో చూసి చేత్తో ఏరడమే ఆమె విద్య. కొంతకాలంగా ఏ కుప్ప ఏ రకమో మధ్యలో మరచిపోతోందట. మేస్త్రీ కసిరాడు, తోటివాళ్లు నవ్వారు. ఒకరోజు నా వద్దకు వచ్చి, “గోలీ ఆపీసినానప్పా, రెండు నెల్లయింది. బుర్ర పోతే నాకు పనెవులిస్తారు?” అంది.

నాకు గుండె జారింది. ఎందుకంటే, అయిదేళ్లు టమాక్సిఫెన్ వాడితే ఈ రకం క్యాన్సరుతో మరణించే ముప్పు పదిహేనేళ్ల కాలంలో సుమారు మూడో వంతు తగ్గుతుంది. కూలి కోసం ఆమె వదులుకొన్నది దానిని. ఆమెను తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు. మరపు మందువల్ల రావచ్చునని తెలియకపోతే, తెలిసినా ఎవరితోనూ చెప్పుకోలేకపోతే, ఎవరైనా అంతే చేస్తారు. నౌపడలో రైలెక్కి ఇద్దరం విశాఖ వెళ్లాము. డాక్టరుగారు ఓపికగా విన్నారు. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం, నిద్రలేమి, దిగులు కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయని చెప్పి పరీక్షలు రాశారు. ఉద్దానం మనుషులమనగానే క్రియాటినిన్ కూడా చేర్చారు. మూత్రపిండాలు దెబ్బతిన్నా మెదడు మసకబారుతుందట. ఆమెకు రక్తం బాగా తక్కువగా ఉందని తేలింది. దానికి మందిచ్చి, టమాక్సిఫెన్ మళ్లీ మొదలుపెట్టించారు. మరపు పూర్తిగా పోలేదు గాని, ఇప్పుడు ప్రతి కుప్ప ముందు సుద్దముక్కతో అంకె వేసుకొంటోంది. పనిలోనే ఉంది.

నా ఉపాయం నాది. వేదం చెప్పుకొనేవారు క్రమపాఠంలో మొదటి పదాన్ని రెండవదానితో, రెండవదాన్ని మూడవదానితో జతచేసి పలుకుతారు. నేనూ పొద్దున్నే నా పనులను అలాగే పైకి చెప్పుకొంటాను: పాలు మాత్ర, మాత్ర పూలు, పూలు బ్యాంకు. ఒకటి తప్పితే రెండవది దానిని లాక్కొస్తుంది. ఇంట్లో వాళ్లకు వినోదమే. నాకు మాత్రం పని జరుగుతోంది. వచ్చే ఏడాదికి అయిదేళ్లు నిండుతాయి. ఇంకా కొనసాగించాలా అన్నది డాక్టరుగారిని అడిగి తేల్చుకొంటాను. అంతవరకు మానను. మాట ఆలస్యంగా వచ్చినా, అది అనడానికి నేనుండాలి కదా.

మీ ఇంట్లో అమ్మో, అప్పో, అత్తగారో ఈ మాత్రలు వాడుతుంటే రెండు మనవులు. వయసు మీద పడిందని ఆమె ఫిర్యాదును కొట్టివేయకండి. డాక్టరు వద్దకు వెంట వెళ్లి, ఆమె సిగ్గుపడి చెప్పనిది మీరు చెప్పండి. మందు మార్చవలసి వస్తే మార్చేది వారే. దిగులుకో, ఒంటి ఆవిర్లకో వేరే మాత్రలేమైనా వాడుతుంటే అవీ చూపించండి. వాటిలో కొన్ని టమాక్సిఫెన్ పని చేయకుండా అడ్డుపడతాయి. రెండవది, ఆమె మాట కోసం తడుముకొంటున్నప్పుడు తొందరపడి అందించకండి. కాస్త ఆగండి. వస్తుంది.