బద్ధకం కాదు, బద్ధం

సభామర్యాదకు ఒదగని విషయమిది. అయినా అరవై దాటినవారున్న ఎన్నో ఇళ్ళలో ప్రతి ఉదయం సాగే మౌనయుద్ధం కనుక వ్రాయక తప్పడం లేదు.

'మలబద్ధకం' అన్న మాటలో సోమరితనమేమీ లేదు. బద్ధమంటే కట్టుబడినది. ఈ అర్థం తరగతిలో చెప్పడం సులభం, దేహంతో తెలుసుకోవడం వేరు. ఆపుకోగూడని వేగాలు 13 అని చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయం చెబుతుంది. ఆ సంగతి పిల్లలకు బోధించి, నేను మాత్రం 30 ఏళ్ళకు పైగా గంట కొట్టేదాకా ఆపుకొనే పాఠాలు చెప్పాను. పదేపదే తిరస్కరిస్తే పిలుపు కూడా సన్నగిల్లుతుంది.

ఉద్యోగవిరమణ తరువాత ఇది మనోవ్యాధి అయింది. తెల్లవారితే అదొక్కటే చింత. కాని రోజున పుస్తకం తెరచినా అక్షరం తలకెక్కదు, కోపం ముక్కు మీదే ఉంటుంది. బంధువుల ఇంట పెండ్లికి పిలుపు వస్తే మోకాళ్ళ నొప్పి అని బొంకాను. నిజానికి నా భయం పరాయి ఇంటి మరుగుదొడ్డి గురించి. ఆందోళన వల్ల బిగుతు, బిగుతు వల్ల మరింత బంధనం.

చివరికి వెళ్ళిన వైద్యుడు ముందుగా నా మాత్రల చీటీ చూశారు. ఐరన్, కాల్షియం మాత్రలు రెండూ ఈ బాధను పెంచగలవట. రోజుకు 3 సార్ల నుండి వారానికి 3 సార్ల దాకా సహజమేనట! "రోజూ కావాలన్న నియమం ఎవరు పెట్టారు మాస్టారూ?" అన్నారు. ఫలహారం తరువాత పేగులు తామే కదులుతాయి గనుక అప్పుడు కూర్చోమన్నారు. కమోడ్ ముందు పాదాల కింద చిన్న పీట వేసుకొమ్మని, ముక్కవద్దని, ఇసబ్గోలు పుచ్చుకుంటే నీళ్ళు దండిగా త్రాగమని చెప్పారు. రక్తం పడినా, అకారణంగా బరువు తగ్గినా, అలవాటు హఠాత్తుగా మారినా ఆలస్యం చేయరాదన్నారు.

ఇంట్లో పీట కోసం వెదుకుతుంటే మా ఆవిడ ఎందుకని అడిగింది. సిగ్గు విడిచి చెప్పాను. కాసేపు ఊరకుండి, "నాకూ పదేళ్ళుగా ఇదే బాధండీ" అంది.

పదేళ్ళు! ఆమె బయటికి రావడం ఆలస్యమైతే తలుపు తట్టి విసుక్కున్న ఉదయాలన్నీ గుర్తుకొచ్చాయి. మర్నాడే ఆమెనూ వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాను.

మిత్రులారా, మీ ఇంట పెద్దలుంటే ఒకమారు మెల్లగా అడిగి చూడండి. వారంతట వారు చెప్పరు.

మా ఇంట ఇప్పుడు పీట ఒకటే, వంతులు రెండు. నేను తలుపు తట్టడం మానేశాను.