నొప్పి ఉండదన్నారు

‘ఎండర్స్ గేమ్’ నవల మళ్లీ చదవబోయి ఈసారి మొదటి పేజీల దగ్గరే ఆగిపోయాను. ఆరేళ్ల పిల్లాడు ఎండర్ మెడ వెనక, వాణ్ణి గమనించడానికి అమర్చిన మానిటర్‌ను తీసేస్తారు. ఏమాత్రం నొప్పి ఉండదని అక్కడి ఆవిడ నవ్వుతూ చెబుతుంది. పెద్దవాళ్లు అలా అన్నారంటే నొప్పి ఖాయమని పిల్లాడికి తెలుసు. అలాగే ప్రాణం పోయేంత నొప్పి పుడుతుంది. తొలిసారి చదివినప్పుడు యుద్ధాల కోసం ఆత్రపడి ఈ అబద్ధాన్ని దాటేశాను.

ఈ పుస్తకాన్ని ఆర్సన్ స్కాట్ కార్డ్ 1977లో కథగా రాసి, 1985లో నవలగా పెంచాడు. నెబ్యులా, హ్యూగో రెండూ వచ్చాయి. భూమి మీదికి పురుగుల్లాంటి గ్రహాంతరవాసులు రెండుసార్లు దండెత్తారు. ఈసారి సేనాపతిగా ఒక పిల్లాణ్ణి తయారు చేయాలి.

అంతరిక్షంలోని సైనిక బడికి వెళ్లే నౌకలో, ఇక్కడ బుర్ర ఉన్నవాడు ఎండర్ ఒక్కడేనని ఆ బడి నడిపే కర్నల్ గ్రాఫ్ అందరి ముందూ అంటాడు. కాసేపటికి వెనక సీటు కుర్రాడు ఎండర్ నెత్తిన మొత్తడం మొదలుపెడతాడు. ఎండర్ ఆ దెబ్బల లయ కనిపెట్టి, చెయ్యి దొరకబుచ్చుకుని లాగుతాడు. బరువు లేని చోట ఆ కుర్రాడు ఎగిరిపోయి చెయ్యి విరగ్గొట్టుకుంటాడు. గ్రాఫ్ కోరుకున్నదే జరిగింది: ఎండర్ ఇక ఒంటరి.

మా ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు ఒకణ్ణి లేపి, వీణ్ణి చూసి నేర్చుకోండ్రా అనేవారు. ఆయనది ప్రేమే. మధ్యాహ్నం వాడు వేపచెట్టు కింద ఒక్కడే క్యారేజీ విప్పుకునేవాడు. వాడి పక్కన నేనూ కూర్చోలేదు.

ఈరోస్ అనే గ్రహశకలంలో ఎండర్ సిమ్యులేటర్ మీద ఆడిన చివరి ఆటలో శత్రువుల గ్రహమే పేలిపోతుంది. అదంతా పరీక్షేనని వాడి నమ్మకం. వెనక్కి తిరిగితే అధికారులు ఏడుస్తుంటారు. ఆట కాదు, నిజమైన యుద్ధమని అప్పుడు చెబుతారు. అంతకుముందు తన చేతి దెబ్బలకు ఇద్దరు పిల్లలు చనిపోయిన సంగతీ వాడి దగ్గర దాచారు. శత్రువు మనసులోకి వెళ్లగలవాడే గెలవగలడు, అలా వెళ్లినవాడు తెలిసి తెలిసి చంపలేడు. అందుకే ఈ మోసం. అభిమన్యుడికి పద్మవ్యూహంలోంచి బయటపడే దారి తెలియదు. ఎండర్‌కు లోపలికి వెళ్లినట్టే తెలియనివ్వలేదు. దీన్ని ఏ యుద్ధనీతీ కడగలేదనిపిస్తుంది నాకు.

తర్వాత ఆ గ్రహాంతర జాతిలో మిగిలిన ఒకే ఒక రాణి గూడు వాడికి దొరుకుతుంది. దాన్ని వెంటబెట్టుకుని, అది బతికే చోటు కోసం లోకం తర్వాత లోకం వెతుకుతాడు. ఆ పని ఎవరూ వాడికి అప్పగించలేదు.