అన్న లేని వేదిక

రాక్ సంగీతమనిన వట్టి గోలయని మన పెద్దలలోఁ గొందఱి తలంపు. ఆ గోలలోను నేర్వఁదగినది కలదని నాకుఁ దోఁచుటకుఁ గారణము ఆల్మన్ బ్రదర్స్ బృందముయొక్క చరిత్రము.

1969వ సంవత్సరమున అమెరికాలోని జాక్సన్‌విల్ పట్టణమందు డ్వేన్ ఆల్మన్, అతని తమ్ముఁడు గ్రెగ్, మఱి నలుగురును గూడి దీనిని స్థాపించి, పిమ్మట జార్జియా రాష్ట్రమందలి మేకన్ పట్టణమునఁ గాపురముండిరి. వారిలో నొకఁడు నల్లజాతివాఁడు. వర్ణద్వేష మింకను చల్లాఱని యా దక్షిణ రాష్ట్రములలో ఆఱుగురును ఒకే బండిలో ఊరూరఁ దిరిగిరి. 1970లో ఇంచుమించు 300 కచ్చేరీలు చేసిరి. 1971 మార్చిలో న్యూయార్కునందలి ఫిల్‌మోర్ ఈస్ట్ నాటకశాలలో వాయించినది రికార్డుగా వెలువడి, వారికి గొప్ప కీర్తిని దెచ్చెను.

ఆ కీర్తిని నాలుగునాళ్లైన ననుభవింపకయే, అక్టోబరు 29వ తేదీన, 24 ఏండ్ల డ్వేన్ మోటారుసైకిలు ప్రమాదమున మరణించెను. మాసము తిరుగకమునుపే తక్కినవారు మరల వేదిక యెక్కిరి. మఱుసటి యేఁడు నవంబరులో బెర్రీ ఓక్లీయు ఆ పట్టణముననే, అదే విధమున, అదే ప్రాయమున గతించెను.

నాకును నొక యన్న కలఁడు. అతని కంఠము వినఁబడని యింటిని నేనూహింపఁజాలను. అన్న నిలిచిన చోటు బోసిపోయియుండఁగా గ్రెగ్ యెట్లు నోరు విప్పెనో! దుఃఖము తీఱినపిదపఁ బాడుదమని కూర్చున్నచో ఆ పాట నాఁడే ముగిసియుండును. దుఃఖము తీఱలేదు, పాటయు నాగలేదు.

1976లోను 1982లోను విడిపోయియు, 1989లో మరలఁ గూడి, 2014 అక్టోబరు 28 వఱకు వాయించిరి. 2017లో గ్రెగ్ గతింపఁగా, మేకన్ పట్టణమున రోజ్‌హిల్ సమాధిస్థలమందు అన్న చెంతనే యుంచిరి.