బ్రేకుకు నాడి

గేర్ సైకిల్‌కు బ్రేకు సరిగా పడటం లేదనగానే వినబడే సలహాలు మూడు: ఆయిల్ మార్పించు, పెద్ద డిస్క్ వేయించు, అసలు బ్రేకే మార్చేయి. మూడింటికీ డబ్బు వదులుతుంది. మూడూ అప్పుడప్పుడూ పనిచేస్తాయి కూడా. కానీ చాలాసార్లు లోపం వాటిలో దేనిలోనూ ఉండదు, డిస్కూ ప్యాడూ ఒకదాన్నొకటి తాకే ఆ కాస్త చోట ఉంటుంది. మందు రాసే ముందు వైద్యుడు నాడి పట్టుకున్నట్టు, ఇక్కడ ముందు పట్టుకోవలసింది లివర్‌ని. వేళ్ల బలం ప్యాడ్ దాకా చేరడం ఒక పని, చేరిన బలంతో ప్యాడ్ డిస్కును పట్టి ఆపడం ఇంకో పని. లివర్ మెత్తగా స్పాంజిలా హ్యాండిల్ దాకా వచ్చేస్తే మొదటి పని చెడింది. లివర్ సగంలోనే రాయిలా ఆగిపోయినా సైకిల్ జారుకుంటూ పోతుంటే బలం చేరింది, పట్టు లేదు.

హైడ్రాలిక్ బ్రేకులో ఈ పరీక్షను బాగానే నమ్మవచ్చు. గొట్టంలోని ద్రవం నొక్కితే కుంచించుకుపోదు, గాలి బుడగ కుంచించుకుపోతుంది. అందుకే లోపల గాలి చేరిన బ్రేకు నాలుగుసార్లు గబగబా నొక్కితే కాస్త గట్టిపడి, వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. దానికి బ్లీడింగ్, అంటే లోపలి గాలిని బయటికి తీసే పని, చేయించాల్సిందే (షిమానో బ్రేకుల్లో ఉండేది మినరల్ ఆయిల్, స్రామ్ బ్రేకుల్లో చాలావాటికి డాట్ ఫ్లూయిడ్, ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి). లివర్ గట్టిగా ఉన్న బ్రేకుకు బ్లీడింగ్ చేయించడమంటే జ్వరం లేనివాడికి లంఖణం పెట్టడమే. పైగా ఆ పనిలో ఒక్క చుక్క ప్యాడ్ మీద పడితే లేని జబ్బు తెచ్చుకున్నట్టు.

ఆ జబ్బు పేరు జిడ్డు. చైన్‌కు స్ప్రే కొట్టేటప్పుడు దాన్ని చూడాలి. చైన్ కుడివైపు, డిస్క్ ఎడమవైపు, మధ్యలో పుల్లలు తప్ప అడ్డేమీ లేదు. కంటికి ఆనని ఆ తుంపర పుల్లల సందుల్లోంచి వెళ్లి డిస్క్ మీద వాలుతుంది. మర్నాడు వెనక బ్రేకు కీచుమని అరుస్తుంది, ఆగదు. అరుస్తోంది కదా అని దాని మీద కూడా నూనె చల్లేవాళ్లున్నారు, వాళ్లను దేవుడే కాపాడాలి. ప్యాడ్ ఊడదీసి వెలుతురులో పట్టుకుంటే సంగతి తేలిపోతుంది. బాగున్న ప్యాడ్ మొహం పలక మీద చెరిపిన బలపంలా వెలవెలగా, గరుకుగా ఉంటుంది. జిడ్డు పట్టినది నల్లబడి, అక్కడక్కడ అద్దంలా మెరుస్తుంది. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోతుంది, అది లోహం. ప్యాడ్‌కు సన్నటి రంధ్రాలుంటాయి, నూనెను తాగేస్తుంది. పైపొరను గరుకు కాగితం మీద రుద్ది చూడవచ్చు. రెండు రోజుల్లో మళ్ళీ అరిస్తే మార్చేయడమే. స్టవ్ మీద కాల్చితే నూనె పోతుందని వాదించేవాళ్లూ ఉన్నారు. పోవచ్చు. దాంతోపాటు ప్యాడ్‌ను వెనక రేకుకు అంటించిన జిగురూ పోవచ్చు. కొన్ని వందల రూపాయల వస్తువు కోసం ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడం అది.

ఈ నాడి పరీక్ష మోసపోయే చోటు ఒకటుంది: కేబుల్ డిస్క్ బ్రేకు. మన దగ్గర తక్కువ ధరకొచ్చే గేర్ సైకిళ్లకు ఎక్కువగా ఉండేది అదే. అవుటర్ అనే పైతొడుగు లోపల తుప్పుపట్టిన కేబుల్ లాగితే రాపిడికే చేతి బలం ఖర్చయిపోతుంది. లివర్ బరువుగా తగులుతుంది గానీ ప్యాడ్ దగ్గరికి బలం చేరదు. ప్యాడ్లుండే క్యాలిపర్ దగ్గర కేబుల్ విప్పి, చేత్తో లాగి చూస్తే గుట్టు బయటపడుతుంది. ఇంకో చిక్కు, ఈ రకాల్లో చాలావాటిలో బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది. అది డిస్కును వంచి, కదలని లోపలి ప్యాడ్‌కు నొక్కుతుంది. లోపలి ప్యాడ్ అరిగేకొద్దీ డిస్క్ మరింత వంగాలి, లివర్ ఇంకా లోపలికి రావాలి. జనం అప్పుడు కేబుల్ బిగిస్తారు. తిప్పవలసింది ఆ లోపలి ప్యాడ్ స్క్రూని, డిస్కుకు తాకీ తాకనట్టు ఉండేదాకా.

పెద్ద డిస్కు సంగతేమిటి మరి? 160 మిల్లీమీటర్ల డిస్క్ తీసి 180ది వేస్తే, అదే పట్టుకు ఆపే బలం సుమారు ఎనిమిదో వంతు పెరుగుతుంది. నూనె తాగిన ప్యాడ్ పోగొట్టేది అంతకంటే చాలా ఎక్కువ. పెద్ద డిస్క్ అవసరమయ్యేది వేడికి. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలు, 300 మీటర్ల ఎత్తు నుంచి మెల్లగా దిగితే సుమారు 2,65,000 జౌళ్ల శక్తి దాదాపు అంతా బ్రేకుల్లోనే వేడవుతుంది. లీటరుకు కాస్త తక్కువ నీళ్లు మరగడానికి అది చాలు. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో పాత సైకిళ్లతో కొండ దిగే పందాలు మొదలుపెట్టినవాళ్లకు ఇది తెలుసు. పెడల్ వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకులు వాళ్లవి. కిందికి దిగేసరికి హబ్‌లో గ్రీజు పొగై పోయేది, మళ్ళీ నింపుకోవాలి. ఆ దారికి రీప్యాక్ అనే పేరు అలాగే వచ్చింది. కాబట్టి ఘాట్ పైన బాగా పట్టి, కిందికొచ్చేసరికి పట్టు వదిలే బ్రేకుకు పెద్ద డిస్క్ న్యాయమే. ఇంటి ముందు వీధిలోనే పట్టని బ్రేకుకు కాదు.

కొత్త ప్యాడ్లు వేశాక కూడా పట్టడం లేదనే ఫిర్యాదు సబబైనదే, కాకపోతే తొందరపాటు. ప్యాడ్‌లోని పదార్థం పల్చటి పొరగా డిస్క్ మీదికి ఎక్కితేనే పట్టు కుదురుతుంది. ఖాళీ రోడ్డు మీద కాస్త వేగంగా వెళ్తూ, చక్రం బిగుసుకోకుండా నడక వేగానికి తగ్గించాలి. ముందు బ్రేకుతో ఇరవైసార్లు, వెనకదాంతో ఇరవైసార్లు. పదిసార్లు దాటేసరికి చప్పుడు మారుతుంది, కరకర పోయి బొంగురుగా, మెత్తగా వినబడుతుంది. అయ్యాక డిస్క్ వేడెక్కిందో లేదో వేలు పెట్టి మాత్రం చూడకూడదు: వేలు కాలడం ఒకటి, వేలి జిడ్డు మళ్ళీ దానికే అంటడం ఇంకొకటి.