పిజ్జా... పేదవాడి పక్షం!

పిజ్జా అంటే మనకు ఏసీ గది, పుట్టినరోజు పార్టీ, కాస్త బరువైన బిల్లు! అది పుట్టిన ఊళ్లో మాత్రం కథ వేరు. దక్షిణ ఇటలీలోని నేపుల్స్‌లో పిజ్జా కూలీనాలీ జనం కడుపు నింపిన తిండి. ప్రపంచమంతా పేరొచ్చాక కూడా దాన్ని సామాన్యుడికి అందే ధరలోనే ఉంచాలన్నది ఆ ఊరి పంతం.

ఆ పంతం రుచి చూడాలంటే 'దా మికేలే'కు వెళ్లాలి. రైల్వేస్టేషన్ నుంచి నడిచే దూరమే. 1870లో ఈ వృత్తిలోకి వచ్చిన కుటుంబం, 1930 నుంచీ సెర్సాలే వీధిలోనే దుకాణం నడుపుతోంది. ముందు గుమ్మం దగ్గర నంబరు చీటీ తీసుకోవాలి. పిలుపు వచ్చేదాకా వీధిలో నిలబడాల్సిందే. లోపల పాలరాతి బల్లలు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ, ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కనే కూర్చోవాలి... అచ్చం మన రద్దీ టిఫిను హోటల్లోలా!

ఏం తినాలా అని తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఇక్కడ పేరు మోసినవి రెండే రకాలు. టమోటా, చీజ్, మన తులసికి చుట్టమైన బేసిల్ ఆకు ఉంటే 'మార్గెరీటా'. టమోటా, వెల్లుల్లి, ఒరెగానో ఉంటే 'మరినారా'. ఈ రెండో పేరులో సముద్రం ఉంది కదా అని చేప ఉంటుందేమోనని శాకాహారులు కంగారుపడొద్దు. చేప కాదు కదా, చీజ్ కూడా ఉండదు!

నిమిషంన్నరలో రెడీ

నేపుల్స్ పిజ్జా ఎలా ఉండాలో 2010లో ఐరోపా సమాఖ్య నిబంధనలే రాసింది. పిండిని చేత్తోనే ఒత్తాలి, అప్పడాల కర్ర వాడకూడదు. వెడల్పు 35 సెంటీమీటర్లు దాటకూడదు. కట్టెల పొయ్యిలో 485 డిగ్రీల వేడి మీద 60 నుంచి 90 సెకన్లలో కాలిపోవాలి. అంచు పొంగుతుంది, మధ్యభాగం మెత్తగా ఉంటుంది. అది పచ్చిదనం కాదు, పద్ధతే అంత. ఈ చేతిపనిని 2017లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. తక్కువ సరుకులు, క్షణాల్లో వంట, త్వరత్వరగా ఖాళీ అయ్యే బల్లలు... చవక వెనకున్న కిటుకూ ఇదే.

ఇవాళ తిను... వారానికి ఇవ్వు

చేతిలో డబ్బుల్లేకపోయినా ఒకప్పుడు ఇక్కడ పస్తుండేవారు కాదు. ఇవాళ తిని ఎనిమిది రోజులకు డబ్బిచ్చే అరువు పద్ధతి ఉండేది. 1954లో విట్టోరియో డిసికా తీసిన 'గోల్డ్ ఆఫ్ నేపుల్స్' సినిమాలో సోఫియా లారెన్ అలా అరువు మీద వేయించిన పిజ్జాలు అమ్ముతూ కనిపిస్తుంది.

అలాంటి ఊరికి 2022లో కోపమొచ్చింది. ఖరీదైన పిజ్జా రెస్టారెంట్లు నడిపే వ్యాపారవేత్త ఫ్లావియో బ్రియాతోరే, నాలుగైదు యూరోలకే పిజ్జా అమ్మేవాళ్లు అందులో ఏం వేస్తున్నారో అని సందేహం వెలిబుచ్చారు. ఆయన దగ్గర ఒక రకం ధర 65 యూరోలు! నేపుల్స్ పిజ్జా మాస్టర్లు భగ్గుమన్నారు. మంచి సరుకులతోనే చేస్తున్నామనీ, పిజ్జా జనం తిండి అనీ గట్టిగానే బదులిచ్చారు. అయితే ఆ ఏడాదే పిండి, కరెంటు ఖర్చులు పెరగడంతో ధర అంతే ఉంచడం వారికీ కష్టమైంది. పంతానికి అసలు పరీక్ష అదే.

ఇటలీలో చాలాచోట్ల బల్ల దగ్గర కూర్చుంటే 'కొపెర్తో' పేరిట తలకింత అని బిల్లులో కలుపుతారు. అది కూడా వద్దనుకుంటే నేపుల్స్ వీధుల్లో 'పర్సు పిజ్జా' ఉంది. చిన్న పిజ్జాను పర్సులా నాలుగు మడతలు పెట్టి, కాగితంలో చుట్టి చేతికిస్తారు. నడుస్తూ తినేయొచ్చు. కాకపోతే కాస్త ముందుకు వంగి కొరకాలి. లేదంటే టమోటా రసం చొక్కా పాలే!