విలన్ లేని థ్రిల్లర్

థ్రిల్లర్ తీస్తామని సార్‌ను ఒప్పించిన సాయంత్రమే సామాను పోగైపోయింది. ఒకడు వాళ్ళ మామ నల్ల జర్కిన్ తెస్తానన్నాడు. ఇంకొకడు మంకీ క్యాప్. మరొక అమ్మాయి ఇంట్లో రాగులు కోసే కొడవలి. కథ మాత్రం ఎవరి దగ్గరా లేదు! థ్రిల్లర్ అనే రకం సినిమాకు ఎంత గట్టి అలవాట్లున్నాయో దీంతోనే తెలుస్తుంది. చీకటి, పొగమంచు, ఉన్నట్టుండి ఆరిపోయే లైటు, తలుపు కిర్రుమనడం, వెనక నుంచి భుజం మీద పడే చెయ్యి, "ఎవరక్కడ?" అని ఒక మాట. చూసేవాళ్ళకు ఇవన్నీ ముందే తెలుసు. తెలుసు కాబట్టే చూడటానికి వస్తారు.

ఈ అలవాట్లను నేను ఎగతాళి చెయ్యను. ఎనిమిది నిమిషాల సినిమా తీసేవాళ్ళకు అవే ఆస్తి. మంచు చూపిస్తే చాలు, ఏదో జరగబోతోందని చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ మంచు కూడా మాకు ఊరికే దొరికింది. హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో చలికాలం తెల్లారి ఏడైనా గులాబీ తోటల మీద దుప్పటి కప్పినట్లే ఉంటుంది. సినిమావాళ్ళు యంత్రం పెట్టి వదిలేదాన్ని మేము లేచి పోయి తీసుకోవడమే.

చిక్కు వచ్చింది అనుమానం దగ్గర. థ్రిల్లర్‌లో ఎవరినో ఒకరిని అనుమానించాలి కదా. మా మొదటి కథలో ఆ మనిషి గులాబీ తోట కావలివాడు. ఒడిశా నుంచి వచ్చినవాడు, మన మాట రానివాడు. సిప్‌కాట్ ఫ్యాక్టరీలకూ పూలతోటలకూ పనికి వచ్చిన అట్లాంటివాళ్ళు మా దారిలో రోజూ కనిపిస్తారు. కొత్త ముఖం, తెలియని భాష, మంకీ క్యాప్. చూసేవాడు వెంటనే "వీడే" అనుకుంటాడు, చివర్లో వాడు మంచివాడని తేలితే ఆశ్చర్యపోతాడు అని మా రాతగాడి లెక్క. నాకది నచ్చలేదు. అనుమానించినవాడు మంచివాడని తేలడం కూడా ఇప్పుడు పాత అలవాటే. సగం కాకముందే కనిపెట్టేస్తారు. పైగా ఏడు నిమిషాలు ఒక మనిషిని దొంగలా చూపించి చివరి అర నిమిషంలో తప్పైపోయింది అన్నట్లుంటుంది. ఈ రాష్ట్రంలో మేమూ వేరే మాట మాట్లాడేవాళ్ళమే. తమిళం తడబడితే ఎదుటివాళ్ళు ఎట్లా చూస్తారో మాలో చాలామందికి తెలుసు.

అట్లయితే విలన్‌నే తీసేద్దామా అన్నారు ఎవరో, కోపంగానే. విలన్ లేకపోతే భయమెట్లా వస్తుంది? కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు రాతగాడే, "మా చేన్లో ఎండిపోయిన బోరుందప్పా" అన్నాడు.

మా వైపు వెయ్యి అడుగులు దాటి తవ్వినా తడి తగలని బోర్లున్నాయి. నీళ్ళు పడకపోతే పైన దింపిన కేసింగ్ పైపును పీకి అమ్ముకుంటారు, లేకపోతే ఇంకో బోరుకు వాడుకుంటారు. పైపు పోయాక మట్టి అంచు జారి నోరు ఇంకా వెడల్పవుతుంది. దాని మీద ఒక గోనెసంచి, సంచి మీద రెండు రాళ్ళు. అంతే. 2019 అక్టోబరులో, సరిగ్గా దీపావళి నాళ్ళలో, తిరుచిరాపల్లి జిల్లా మణప్పారై దగ్గర నడుకాట్టుపట్టిలో రెండేళ్ళ బిడ్డ పాత బోరులో పడ్డాడు. ఎనభై గంటల దాకా పోరాడినా దక్కలేదు. మేమప్పుడు చిన్న తరగతుల్లో ఉన్నాం. పండగ పూట మా ఇంట్లో టీవీ ముందు నుంచి అవ్వ లేవలేదు. పనికిరాని బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టితో, ఇసుకతో, రాళ్ళతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది.

నల్ల జర్కిన్ మామ ఇంటికి తిరిగిపోయింది.

కథ ఇట్లా కుదిరింది. పొద్దు గుంకే వేళ అక్కా తమ్ముడూ రాగి చేని గట్టు మీద దాగుడుమూతలు ఆడతారు. అక్క కళ్ళు మూసుకొని ఇరవై లెక్కపెడుతుంది. కళ్ళు తెరిస్తే వాడు లేడు. వెతుకుతుంది, పిలుస్తుంది, చీకటి పడుతుంది. అంతే కథ. మామూలుగా విలన్ నిలబడే చోట మేము తాతను కూర్చోబెట్టాం. మూడు బోర్లు వేసి అప్పుపడిన మనిషి. మంచి వానలొస్తే ఊట మళ్ళీ రావచ్చని మూడో బోరును పూడ్చకుండా సంచి కప్పి పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాడు. మనవడంటే ప్రాణం. చూసేవాళ్ళు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఇబ్బంది పడాలని మా కోరిక.

ఇదేదో మేమే కొత్తగా కనిపెట్టామని కాదు. 1954లో ఏవీఎం వాళ్ళు తీసిన 'అంద నాళ్' అనే తమిళ సినిమాను సార్ మాకు చూపించారు. వీణ విద్వాంసుడు ఎస్. బాలచందర్ దర్శకుడు. పాట ఒక్కటీ లేదు. శివాజీ గణేశన్ మొదట్లోనే తుపాకి దెబ్బకు చచ్చిపోతాడు. డెబ్బై ఏళ్ళ కిందటే పెద్ద హీరోని అట్లా పడుకోబెట్టి, చంపిందెవరు అని ఒక్కొక్కరినీ అడిగించారు. చంపిందెవరో ఇక్కడ రాయను, చూడండి.

షూటింగ్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. నిజమైన బోరు దగ్గరికి ఎవరూ పోకూడదని సార్ గట్టిగా చెప్పారు. బడి వెనక నేలలో జానెడు పైపు ముక్కను పాతిపెట్టి, చుట్టూ మట్టి పోసి సంచి కప్పాం. దాని కింద గుంత లేదు, గట్టి నేలే. ఫోనును మాత్రం ఎప్పుడూ పిల్లవాడి ఎత్తులోనే పట్టుకున్నాం. ఆ ఎత్తులో రాగి చేను అడవిలా ఉంటుంది.

ఎడిటింగ్ నా పని. అక్కడే మాకు పెద్ద వాదన. సంచిని ఎప్పుడు చూపించాలి? కెమెరావాడు చివర్లో అన్నాడు, అప్పుడే గుండె ఝల్లుమంటుందని. నేను మొదట్లోనే అన్నాను. ఎవరి మాటా తెగలేదు కాబట్టి రెండు కూర్పులూ చేసి రెండు తరగతులకు చూపించాం.

చివర్లో చూపించే కూర్పును ఎనిమిదో తరగతి చూసింది. అక్క చేని గట్టున నిలబడి, "ఒరే చిన్నోడా, యాడుండావురా? చీకటైతా ఉండాది, ఇంటికి రారా!" అని పిలిచింది. తరగతంతా ఒక్కసారిగా నవ్వు. ఆ నవ్వినవాళ్ళందరూ ఇండ్లలో అట్లానే మాట్లాడతారు! వాళ్ళ అమ్మలు వాళ్ళను పిలిచేదీ అట్లానే. కానీ తెర మీద ఈ మాట వినిపిస్తే అది తమాషా మనిషిదనో, కత్తి పట్టుకున్నవాడిదనో సినిమాలు వాళ్ళకు అలవాటు చేశాయి. భయపడే మనిషి, మనం జాలిపడాల్సిన మనిషి, పుస్తకాల తెలుగు మాట్లాడాలి. ఇది ఏ సినిమా పుస్తకంలోనూ రాయని అలవాటు. కానీ నల్ల జర్కిన్ కంటే గట్టిది. అక్క వేషం వేసిన అమ్మాయి బయటికి పోయి నిలబడింది. "ఎక్కడున్నావురా అని మళ్ళీ చెప్పిస్తే సరిపోతుంది, డబ్బింగే కదా" అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. భయం వేసినప్పుడు ఎవరైనా నోట్లోకి వచ్చిన మాటతోనే అరుస్తారు, వెతుక్కొని అరవరు.

రెండో కూర్పును తొమ్మిదో తరగతికి వేశాం. ఇందులో మొదటి షాట్‌లోనే తాత పైపు పీకిన బోరు మీద సంచి కప్పి, రాళ్ళు పెట్టి పోతాడు. కుక్క వచ్చి ఒక రాయిని దొర్లించేస్తుంది. ఆ తర్వాత పిల్లల ఆట. హిచ్‌కాక్ ఫ్రెంచి దర్శకుడు ట్రూఫోకు బల్ల కింద బాంబు గురించి చెప్పాడని సార్ అన్నారు. బాంబు హఠాత్తుగా పేలితే చూసేవాడికి కొన్ని క్షణాల అదురుపాటు. బాంబు ఉందని వాడికి ముందే చెప్పి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళను ఊసుపోక కబుర్లు చెప్పుకోనిస్తే పదిహేను నిమిషాల ఆరాటం. మా బాంబు గోనెసంచి. అక్క అదే గట్టున నిలబడి అదే మాట అంది. "యాడుండావురా?" ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీ నుంచి ఒకడు, "ఆ పక్కకు పోవద్దక్కా!" అని అరిచాడు. మాట మార్చలేదు, గొంతు మార్చలేదు, ఒక్క షాట్‌ను ముందుకు జరిపాం. ఒక పాత అలవాటును సరైన చోట వాడితే ఇంకో పాత అలవాటు నోరు మూసుకుంది. అక్క వేషం వేసిన అమ్మాయి ఈసారి తరగతిలోనే కూర్చుని చివరిదాకా చూసింది.

ముగింపు మీద మాత్రం మాకు ఇప్పటికీ రాజీ లేదు. పిల్లవాడు మోటారు షెడ్డు వెనక నుంచి "దొరకలేదు, దొరకలేదు" అని నవ్వుకుంటూ వస్తాడు. అక్క వాణ్ణి ఒకటి కొట్టి చంకనేసుకుని ఇంటికి పోతుంది. తాత చూసి నవ్వుతాడు. తర్వాత ఇరవై క్షణాలు సంచి ఒక్కటే. సంగీతం లేదు, చిమ్మటల చప్పుడు ఉంది, గాలికి సంచి అంచు లేస్తూ పడుతూ ఉంటుంది. ఆపద తప్పాక థ్రిల్లర్‌ను ఆపెయ్యాలి, ఇది చూసేవాళ్ళను మోసం చెయ్యడమే అంటాడు కెమెరావాడు. వాడి మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేను. ఆ ఇరవై క్షణాల్లో ఇద్దరు లేచి బ్యాగులు సర్దుకున్నారు. మిగతావాళ్ళు కూర్చునే ఉన్నారు. లైట్లు వేశాక ఒక పిల్ల, "అక్కా, ఆ రాయి మళ్ళీ పెట్టలేదే?" అని అడిగింది.