దారిలో ఒక పూట

హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీదుగా వేములవాడ రాజన్న దర్శనానికి బయల్దేరిన కుటుంబానికి సిద్దిపేట దగ్గర ఒక పూట మిగిలిందనుకుందాం. సొంత కారా, టూర్ బస్సా?

రంగనాయకసాగర్‌కు కారే మేలు. 2020లో గోదావరి నీళ్లు చేరిన 3 టీఎంసీల జలాశయమది. కట్ట మీద పిల్లలు తనివితీరా నిలబడొచ్చు, తొందరపెట్టేవాళ్లుండరు.

ఇబ్రహీంపూర్ సంగతి వేరు. 2016లో నోట్ల రద్దు తర్వాత నగదు రహిత గ్రామంగా పేరు తెచ్చుకున్న ఊరు. గుట్ట మీద వాననీటిని ఆపే కందకాలు, ఇళ్ల దగ్గర ఇంకుడు గుంతలు. కారు అద్దంలోంచి చూస్తే అవి ఉత్త గోతులే.

"అవ్వా, గీ గుంతలెందుకు తవ్విండ్రు?" అని అడిగితే, నీళ్ల కరువు రోజుల నుంచి మొదలుపెట్టి చెప్పే మనిషి కావాలి. అలాంటి మనిషి ఏ ప్యాకేజీలోనూ దొరకదు. పిల్లలకు ఆ అరగంట దక్కుతుందంటే సిద్దిపేటలో భోజనం ఆలస్యమైనా సరే, ఇక్కడ కారు దిగాల్సిందే.